మా జీపులో మెషిన్ గన్ను

మా ఇంటి వెనకాల రేకుల షెడ్డులో ఒక జీపు ఉండేది. పైకప్పు లేని జీపు. ఎండాకాలం ఓపెన్ టాప్, వానాకాలం కాన్వాసు గుడ్డ. మా ఊరు జన్నారం దగ్గర. ఆదిలాబాద్ జిల్లా అని రాయడం అలవాటు కానీ, 2016లో జిల్లాలు విడగొట్టాక మాది మంచిర్యాల జిల్లా అయింది. నా ఇంజనీరింగేమో కరీంనగర్లో. ఎక్కడివాడివంటే ఇప్పటికీ ఒక్కముక్కలో చెప్పలేను.

సరే, జీపు సంగతి.

చిన్నప్పటినుంచీ బాపు చెప్పే కథ ఒకటే. "ఇది మిలిట్రీ జీపురా. రెండో ప్రపంచ యుద్ధంల తిరిగింది. పోలీస్ యాక్షన్ల మనదిక్కు అచ్చింది. ఎనుక మెషిన్ గన్ను ఉంటుండె." అని డ్రైవర్ సీటు వెనకాల ఫ్లోరుకు వెల్డింగు చేసి ఉన్న ఒక ఇనప గొట్టం చూపించేవాడు. అంగుళం లావు, మోకాలంత ఎత్తు. చిన్నప్పుడు అందులో వెదురుకర్ర దోపి ఢమఢమా కాల్చేవాళ్ళం. ఆ షెడ్డులో మేం చంపిన శత్రువుల లెక్క తేలదు.

ఈ జీపు పెళ్ళిళ్ళకు కూడా పోయేది. మా వైపు బారాత్‌కు గుర్రం దొరక్కపోయినా ఫర్వాలేదు, ఓపెన్ బండి మాత్రం ఉండాలి. పెళ్ళికొడుకు వెనక నిలబడాలి, ముందు బ్యాండు మోగాలి, దోస్తులు రోడ్డు మీద పడి ఆడాలి. చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది మా జీపు మీద ఊరేగినవాళ్ళే. "మిలిట్రీ జీపు" అంటే కిరాయి కూడా కొంచెం ఎక్కువే ఇచ్చేవాళ్ళు.

రెండేళ్ళ కింద ఇంటికి స్లాబు వేద్దామనుకున్నాం. షెడ్డు తీసేయాలి. జీపు స్టార్టవ్వక అప్పటికే చాలా ఏళ్ళు. పాత సామానోడికి ఇస్తే తూకం లెక్కన కొంటానన్నాడు. అప్పుడే మా ఆఫీసులో పాత బండ్ల పిచ్చి ఉన్న ఒకతను, "తూకానికి అమ్ముతావా, నీకేమైనా మెంటలా? అది నిజంగా యుద్ధం నాటిదైతే లక్షలు పలుకుతుంది. ముందు అదేమిటో తేల్చు" అన్నాడు. హైదరాబాద్‌లో పాత జీపులు కొని బాగుచేసుకునే ఒకాయన నంబరు కూడా ఇచ్చాడు.

తేల్చడం మన పనే కదా! పొద్దున లేస్తే ఎవరో పదేళ్ళ కింద రాసి, కామెంటు ఒక్కటీ పెట్టకుండా పోయిన కోడు ముందేసుకుని "ఈ మహానుభావుడు ఈ లైను ఎందుకు పెట్టాడబ్బా" అని జుట్టు పీక్కునే బతుకు. జీపు ఎంత? దసరా సెలవులకు ఒక టార్చిలైటు, ఫ్రిజ్జు మీది అయస్కాంతం, గరుకు కాగితం, టేపు పట్టుకుని షెడ్డులో దూరాను.

అంతకుముందు కొంచెం చదువుకున్నాను. నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తాను. మీ ఊళ్ళో కూడా ఇలాంటి బండి ఉండొచ్చు, దాని గురించి ఇలాంటి కథే ఉండొచ్చు.

యుద్ధం నాటి జీపు డిజైను విల్లీస్ వాళ్ళ పేరు మీద ఉన్నా తయారుచేసింది ఇద్దరు. విల్లీస్ వాళ్ళ బండి పేరు ఎంబీ. అదే డిజైనుతో ఫోర్డు వాళ్ళు చేసినది జీపీడబ్ల్యూ. ఇద్దరూ కలిసి 1945 దాకా ఆరు లక్షలకు పైగా చేశారు. రెండూ పక్కపక్కన పెడితే కవలపిల్లలే. తేడా పట్టుకోవాలంటే బండి ముందు వంగి, రేడియేటర్ కింద ఛాసిస్ రెండు కమ్ములనూ కలిపే అడ్డకమ్మి చూడాలి. విల్లీసుకు అది గుండ్రటి గొట్టం. ఫోర్డుకు బోర్లించిన కాలువలా ఉండే పట్టీ. ఇంకోటి, ఫోర్డు వాళ్ళకు తమ సామాను మీద, చివరికి బోల్టుల తలల మీద కూడా, ఇంగ్లీషు "ఎఫ్" అక్షరం కొట్టే అలవాటు. ఎందుకంత పట్టింపో గానీ, ఎనభై ఏళ్ళ తర్వాత నాలాంటివాడికి పనికొచ్చింది.

యుద్ధం అయిపోయాక 1945లోనే విల్లీస్ వాళ్ళు సివిల్ జనానికి సీజే అని మొదలుపెట్టారు. మిలిటరీ బండికి ముందు జాలీలో తొమ్మిది సందులు, సీజేకు ఏడు. మిలిటరీ బండికి వెనక డోరు ఉండదు, స్టెప్నీ వెనకాలే వేలాడుతుంది. సీజేకు వెనక డోరు ఉంటుంది, స్టెప్నీ పక్కకు పోయింది. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1949లో బొంబాయి మజగావ్‌లో విల్లీస్ బండ్ల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన సీజే-3బీ అనే మోడల్నే మనం చిన్నప్పుడు అన్ని ఆఫీసుల ముందూ చూసిన జీపు. దాని బానెట్ ఎత్తుగా, ముక్కు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. కారణం అందం కాదు, ఇంజను. యుద్ధం నాటి ఇంజనులో వాల్వులన్నీ పక్కనే ఉండేవి కాబట్టి అది పొట్టిగా ఉండేది. 1953లో సీజే-3బీకి పెట్టిన హరికేన్ ఇంజనులో గాలి లోపలికొచ్చే వాల్వులు పైకెక్కాయి. ఇంజను పొడుగైంది, దానితోపాటు బానెట్ కూడా లేచింది.

మా వైపు స్టీరింగు ఎడమ పక్కనుంటే చాలు మిలిటరీ జీపు అనేస్తారు. అది తప్పు. మహీంద్రా వాళ్ళు కూడా చాలాకాలం ఎడమచేతి స్టీరింగుతోనే చేశారు.

ఇంత సిలబస్ చదువుకుని పోతే మొదటి అరగంటలోనే బాపు కథ కూలిపోయింది. జాలీకి ఏడు సందులు. బానెట్ ఎత్తుది. వెనక డోరు ఉంది. స్టెప్నీ కుడిపక్కన. ఇది మిలిట్రీ బండీ కాదు, మన్నూ కాదు, మామూలు మహీంద్రా సీజే-3బీ. ఇంజను అదీ కాదు. ఏ ఎనభైల్లోనో పెట్రోలు భరించలేక మటాడోర్ డీజిల్ ఇంజను ఎక్కించారు, మా వైపు చాలా జీపులకు అయిన ఆపరేషనే. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా అయింది. బాపుకు ఎలా చెప్పాలి?

కానీ కొన్ని లెక్కలు కుదరలేదు. బానెట్ ఎత్తుది సరే, అద్దం కింద అది ఆనే చోట బాడీకి మూడు అంగుళాల పట్టీ అతికించి ఎత్తు పెంచి ఉంది. కంపెనీ వాడు అతుకెందుకు వేస్తాడు? అయస్కాంతం పెట్టి చూస్తే ఆ అతుకు పొడుగునా అంటుకోదు. లోపలంతా పుట్టీ. అంటే పొట్టి బానెట్ బాడీకి ఎవరో తర్వాత పొడుగు బానెట్ పెట్టారన్నమాట. వెంటనే బండి కిందికి దూరాను. ముందు అడ్డకమ్మి బోర్లించిన కాలువలా ఉంది! బురద గోకి గరుకు కాగితంతో రుద్దితే ఒక బోల్టు తల మీద చిన్న "ఎఫ్". ఇంకో రెండు బోల్టుల మీద కూడా. బండి కింద పడుకుని గట్టిగా అరిచాను. అమ్మ ఏ పామో అనుకుని కట్టె పట్టుకుని ఉరికొచ్చింది.

అంటే కింద ఛాసిస్ 1942-45 నడుమ ఫోర్డు వాళ్ళు చేసినది. మీద బాడీ కూడా చాలావరకు దానిదే. ఇంజను పోతే సీజే-3బీ ఇంజను పెట్టారు, అది పట్టక దాని బానెట్టూ జాలీ తెచ్చి బిగించారు, తర్వాత అదీ పోతే మటాడోర్. బాపు కథ సగం నిజం. యుద్ధం అయ్యాక ఇలాంటి బండ్లను డిస్పోజల్స్ కింద అమ్మేశారు కాబట్టి చేతులు మారి మా తాత దాకా రావడంలో వింతేమీ లేదు. పోలీస్ యాక్షన్ అంటే 1948 సెప్టెంబర్. దానికి మాత్రం ఈ బండిలో సాక్ష్యమేమీ దొరకలేదు.

ఇక్కడిదాకా నా పని శుభ్రంగానే ఉంది. ఆ తర్వాతే తెలివి ఎక్కువైంది.

బండి వెనక భాగం ఎవరో ఒక అడుగు పొడిగించారు. వెనక చక్రాల మీది తొట్టి దాటాక రేకు కోసి, పన్నెండు అంగుళాల ముక్క అతికి, కింద ఛాసిస్‌కు కూడా ఛానల్ ముక్క కలిపారు. పని చాలా నీటుగా ఉంది. వెనక డోరు కంపెనీది కాదు, మందం రేకుతో చేసింది. గొలుసులు తగిలిస్తే సరిగ్గా ఫ్లోరుకు సమానంగా నిలబడుతుంది. ఫ్లోరు మీద ముందుపక్క రెండు, డోరు లోపలివైపు రెండు, మొత్తం నాలుగు గుండ్రటి గిన్నెల్లాంటివి వెల్డు చేసి ఉన్నాయి. మూడంగుళాల గొట్టాన్ని రెండంగుళాల ఎత్తుకు కోసి అతికినవి. వాటి పక్కనే కుడివైపు మన గన్ను గొట్టం. ఇవి కాక అద్దం ఫ్రేముకూ బానెట్‌కూ బోలెడన్ని చిన్న రంధ్రాలు. అవి తెలుసు, బారాత్‌లో సీరియల్ బల్బులకు.

నేను ఏమనుకున్నానంటే, అమెరికా వాళ్ళు జీపుల్లో మెషిన్ గన్ను పెట్టడానికి ఫ్లోరుకు ఒక స్తంభం బిగించేవాళ్ళు. ఫొటోలు బోలెడున్నాయి. మా గొట్టం అదే జాగాకు దగ్గర్లో ఉంది. నాలుగు గిన్నెలు తూటాల పెట్టె కదలకుండా ఉండటానికి. పొడిగించింది మనుషులు ఎక్కడానికి. అయిపోయింది! ఫొటోలకు బాణాలు గీసి, కొలతలు వేసి, పదహారు పేజీల పీడీఎఫ్ చేసి హైదరాబాద్ ఆయనకు పంపాను. "గన్ మౌంట్ ఆనవాళ్ళు" అని ఒక హెడ్డింగు కూడా పెట్టాను. ఆఫీసులో డిజైను డాక్యుమెంటు అడిగితే నెలరోజులు నసిగే నేను!

ఆయన ఆ రాత్రే ఫోను చేశాడు. అంతకుముందు ఫోర్డు ఛాసిస్ అయితే నాలుగున్నర లక్షలు ఇస్తానన్నవాడు, గన్ మౌంట్ నిజమైతే ఆరు అన్నాడు.

బాపుకు చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నా. "ఆరా?" అన్నాడు. కాసేపు జీపు దిక్కు చూశాడు. "నువ్వు సూసినవా మంచిగ? గన్నుదేనా?" అన్నాడు. "నువ్వే కదా చిన్నప్పటినుంచి చెప్పింది!" అన్నాను. ఏమీ అనకుండా పొలం దిక్కు పోయాడు. నాకు అనుమానం రావాల్సింది అప్పుడే. రాలేదు. అంగుళం గొట్టం మీద మెషిన్ గన్ను నిలబడుతుందా అని ఒక ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాడికి తట్టాలా వద్దా? ఒక్క రౌండు కాలిస్తే గొట్టం వంగి గన్ను పోయి డ్రైవర్ వీపుకు తగులుతుంది. తట్టలేదు. ఆరు లక్షలు అనేసరికి గొట్టం కూడా లావుగా కనబడింది.

జీపును లారీ ఎక్కించాలంటే చక్రాలు తిరగాలి కదా. బ్రేకులు పట్టేసి ఉన్నాయి. లక్సెట్టిపేటలో ఈ జీపు పని ఎప్పుడూ ఒకే మేస్త్రి చేసేవాడట. ఇప్పుడు దుకాణం మనవడు చూసుకుంటున్నాడు. ఆయనకు ఎనభైకి దగ్గర. మనవడి బండి మీద వెనక కూర్చుని వచ్చాడు. షెడ్డులోకి రాగానే బానెట్ మీద చెయ్యి వేసి, పాత దోస్తును పలకరించినట్టు, "ఇంక జిందా ఉన్నవా?" అన్నాడు.

నేను ఊరుకోవచ్చు కదా. నా పరిశోధన అంతా వినిపించాను. బానెట్ అతుకు తనదేనని ఒప్పుకున్నాడు. ఇంజను నిర్మల్ నుంచి తెచ్చారట. "చాచా, ఇది చూడు, గన్ను పెట్టిన గొట్టం" అన్నాను.

ముసలాయన ముందు నా మొహం చూశాడు, తర్వాత మనవడి మొహం చూశాడు, ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "గన్ను ఎక్కడిది బేటా! గది నేను పెట్టిన. గ్లూకోసు సీసకు."

నాకు అర్థం కాలేదు.

"సలైన్ బాటిల్ లేదా, గది. పైపుల రాడ్ బెట్టి దానికి కొక్కెం. గివి మంచం కోళ్ళకు" అని ఆ నాలుగు గిన్నెలు చూపించాడు.

ఒక్కసారిగా అన్నీ కనబడ్డాయి. సీట్ల వెనకనుంచి ఫ్లోరు మూడడుగుల చిల్లర. పెంచింది ఒకడుగు. డోరు దింపి గొలుసు తగిలిస్తే ఇంకో అడుగున్నర. ఐదున్నర దాటింది. ఫ్లోరు మీది రెండు గిన్నెలకూ డోరు మీది రెండు గిన్నెలకూ మధ్య దూరం నేను స్వయంగా టేపు పెట్టి కొలిచి పదకొండో పేజీలో రాసుకున్నాను. తూటాల పెట్టె ఐదడుగుల పొడుగు ఉంటుందా అని మాత్రం అడుక్కోలేదు.

మేస్త్రి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో మనవడు చాయ తెచ్చాడు, ఆయన చాలాసేపు ఆగి ఆగి చెప్పాడు, అవన్నీ వదిలేస్తున్నాను.

"మీ తాతకు ఒక ఆడపిల్ల ఉండె, మీ బాపుకన్న పెద్దది. తొమ్మిదేండ్లో పదేండ్లో. వానకాలం జ్వరం అచ్చింది. గప్పుడు ఈడ ఏమున్నది? కరీంనగర్ పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. జీపు ఉన్నది గని పండబెట్టనీకి జాగ లేదు. మీ బాపమ్మ ఒళ్ళె కూసోబెట్టుకున్నది. రోడ్డు గెట్లుంటుండె? ఒకటే ఎగిరేసుడు. రాయపట్నం కాడ గోదారి నిండ ఉన్నది, ఆపిండ్రు. నీళ్ళు తగ్గేదాంక కూసున్నరు. ధర్మపురి దాటలే. అల్లకెల్లే మర్రి అచ్చిండ్రు. మూడు నెలలకు మీ తాత నా దగ్గరికి అచ్చిండు, చేతిల దారం. మంచం కొలత. కూసోబెట్టి తీస్కపోయిన, పండబెట్టి తీస్కపోతే బతుకునేమో అన్నడు. గంతే. ఇంకేం జెప్పలే. వడ్లాయనతోని బండికి సరిపోయే సన్న మంచం చేపిచ్చిండు. నేను డబ్బ పెంచిన. సలైన్ పైపు ఎనుకసిరి పెట్టిన. అప్పటిదాంక కంపౌండర్ చేత్తోని పట్టుకుంటుండె."

ఏ సంవత్సరం అంటే డెబ్బై ఆరో డెబ్బై ఏడో అన్నాడు.

బాపుకు ఒక అక్క ఉండేదని, చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయిందని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. ఇంట్లో ఫొటో లేదు. పండగకు బియ్యం ఇచ్చేటప్పుడు బాపమ్మ ఒక పేరు తలుచుకునేది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆ జీపు ఆ చుట్టుపక్కల ఊళ్ళకు, గూడేలకు అంబులెన్సు. వానాకాలం జ్వరాలు, వాంతులు-విరేచనాలు మా ఏజెన్సీలో కొత్తేమీ కాదు. ప్రతి ఏడూ పేపర్లో వచ్చేవి. మేస్త్రి లెక్కలో రెండు మూడు వందలమందైనా ఆ మంచం మీద పోయి ఉంటారు. కాన్పులు బండిలోనే అయినవి కూడా ఉన్నాయట. తాత ముసలోడయ్యాక బాపు నడిపాడు. పద్దెనిమిది నిండకముందే నడిపాడని మేస్త్రి చెప్పాడు, లైసెన్సు గురించి నేను అడగలేదు. 2005 ఆగస్టు 15న 108 మొదలై, అది మెల్లగా మా మండలాల దాకా వచ్చాక జీపుకు ఆ పని తప్పింది. నాకు ఊహ తెలిసేసరికి అది పెళ్ళిళ్ళ బండి, అంతే.

ఆ రాత్రి అన్నాలు తిన్నాక వాకిట్లో బాపును అడిగాను. చాచా చెప్పాడన్నాను. కాసేపు ఏమీ అనలేదు.

"మరి గన్ను గన్ను అని ఎందుకు చెప్పినవ్ ఇన్నేళ్ళు?"

"ఏం జెప్పాలె మరి? బతికినోళ్ళను తోల్కచ్చిన, సచ్చినోళ్ళను గూడ తోల్కచ్చిన అదే మంచం మీద. గా ముచ్చట తెలిస్తే పెండ్లిపిల్లగాన్ని ఎక్కిస్తరా ఎవలన్న? ఊరోళ్ళకు తెలుసు. పక్కూరోళ్ళు అడుగుతరు, గీ గొట్టమేందే అని. మిలిట్రీ గన్నుదని తాతనే మొదలు జెప్పిండు. జనం నమ్మిండ్రు. కిరాయి పెరిగింది."

నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత అన్నాడు, "నీకు గూడ చిన్నప్పుడు జెప్తే నువ్వు దాంట్ల ఆడుకునేటోనివా?"

ఊహూ, ఆడుకునేవాడిని కాదు.

ఇంకోటి కూడా అడిగాను, అడగకుండా ఉండాల్సింది. అక్కను తీసుకుపోయినరోజు నువ్వు బండిలో ఉన్నావా అని. "ఉన్న. ముంగట కూసున్న. కిటికీ గుడ్డ పట్టుకొమ్మన్నడు తాత, వాన కొట్టకుంట." అని లేచి లోపలికి పోయాడు.

బండ్లకు మార్పులు చేయడం మన రాష్ట్రంలో కొత్తేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన రోల్స్‌రాయిస్‌కు, దర్బారులో సింహాసనంలా, వెనక ఎత్తైన సీటు పెట్టించారు. ఆయన 1911లో పోయాడు, పసుపురంగు బండి తర్వాత కొడుక్కు మిగిలింది. చౌమహల్లా ప్యాలెస్‌లో పెడితే జనం నోరు తెరుచుకుని చూశారు. 1982లో ఎన్టీఆర్ ఒక పాత షెవ్రోలే వ్యానును చైతన్యరథం చేసుకుని రాష్ట్రమంతా తిరిగితే, దాని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియంకు పోతే క్రికెట్ బ్యాటులా, బర్గర్‌లా చేసిన కార్లు టికెట్ పెట్టి చూపిస్తారు. నేను కూడా టికెట్ కొని చూశాను, బాగానే ఉన్నాయి. మా జీపుకు చేసిన మార్పును మాత్రం చేయించినవాళ్ళే యాభై ఏళ్ళు దాచిపెట్టుకున్నారు.

ఇక నా సమస్య. పదహారు పేజీల అబద్ధం హైదరాబాద్ ఆయన దగ్గర ఉంది. ఆరు లక్షలంటే స్లాబు ఖర్చులో సగం పైన. ఇంట్లో ఎవరూ నన్ను నిజం చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు. అమ్మ మాత్రం "నీకు తెల్వకముందు రాసినవు కదా, అది అబద్ధం ఎట్లయితది?" అంది. మా అమ్మ లాయరు కావాల్సింది. రెండు రోజులు ఆలోచించాను. నిజాయితీ వల్ల కాదు, సిగ్గు వల్ల అనుకుంటా, చివరికి మెయిలు రాశాను. పదకొండో పేజీ తప్పు అని, ఆ గొట్టం గ్లూకోసు సీసాకని, ఆ గిన్నెలు మంచానికని. ఎవరి మంచమో రాయలేదు.

ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. గన్ మౌంట్ కాకపోతే మళ్ళీ నాలుగున్నర అన్నాడు. ఇంకో మాట కూడా రాశాడు. తాను ఈ బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించాలనుకుంటున్నాడట. 2021లో కేంద్రం పెట్టిన రూలు ప్రకారం బండికి యాభై ఏళ్ళు దాటితే సరిపోదు. అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజను గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 ఫీజు, నంబరులో "వీఏ" అని వస్తుంది, రోజూ తిప్పుకోవడానికి కుదరదు. కాబట్టి పెంచిన అడుగు ముక్క కోసేస్తాడు, వెనక డోరు తీసేసి మిలిటరీ రేకు పెడతాడు, ఎత్తు బానెట్ పీకి పొట్టిది పెడతాడు, మటాడోర్ ఇంజను తీసి పాతది వెతుకుతాడు. గొట్టం, గిన్నెలు సరేసరి. "క్లీన్‌గా 1943 లోకి తీసుకెళ్తా" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. పాత బండిని ప్రేమించేవాళ్ళు అలాగే చేస్తారు. నేను కూడా నెలకింద అయితే చప్పట్లు కొట్టేవాడిని. కానీ ఫోర్డు ఫ్యాక్టరీలో అది ఎన్ని రోజులు ఉండి ఉంటుంది? యుద్ధంలో ఎన్నేళ్ళు? ఎక్కువలో ఎక్కువ మూడు. మా దగ్గర యాభై. ఏది ఒరిజినలో నాకైతే తేలలేదు, రూలుకు మాత్రం తేలిపోయింది.

బాపుకు మెయిలు చదివి వినిపించాను. అంతా విని, "పోనీ తియ్యి. షెడ్డుల కుప్పవడి తుప్పు వట్టుడుకన్న నయం" అన్నాడు. కొంచెం ఆగి, "ఎనుక డోరు ఆయినెకు పనికిరాదంటున్నడు కదా. గది మనకే ఉంచుమను. గొట్టం గూడ" అన్నాడు.

హైదరాబాద్ ఆయనకు అభ్యంతరం లేదు. ఎలాగూ కోసి పారేసేదే.

లారీ వచ్చిన రోజు మేస్త్రి మళ్ళీ మనవడి వెనక కూర్చుని వచ్చాడు. గ్యాస్ కట్టర్ మనవడు పట్టుకున్నాడు, ఎక్కడ కోయాలో ముసలాయన వేలుతో చూపించాడు. గొట్టం ఊడొచ్చాక నీళ్ళలో ముంచి, చల్లారాక తుడిచి బాపు చేతికిచ్చాడు. బాపు ఐదు వందల నోటు తీస్తే, "చేసినప్పుడు మీ నాయిన ఇచ్చిండు, తీసినందుకు ఎందుకు?" అని తీసుకోలేదు. జీపును నలుగురం తోసి లారీ ఎక్కించాం. బాపు స్టీరింగు పట్టుకున్నాడు.

గొట్టం ఎక్కడ పెట్టాడో నాకు తెలియదు, అడగలేదు. డోరు మాత్రం పశువుల కొట్టం ముందు వెల్లకిలా పడి ఉంది. మొన్న ఆదివారం ఊరికి పోతే, అమ్మ దాని మీద మిరపకాయలు ఎండబోసింది. పక్కనున్న రెండు గిన్నెల్లో కోళ్ళకు నీళ్ళు పోసింది.